అడుగున పాత ఫ్రెంచి నాణెం పొదిగిన చిన్న వెండి గిన్నె: ఇది దేనికి వాడే వస్తువు?

ప్రశ్న: అల్లూరు, నెల్లూరు జిల్లా

పెద్దలందరికీ నమస్కారం. మా ఇంటి పూజాసామగ్రిలో కనీసం మూడు తరాలుగా ఉంటున్న ఒక వెండి వస్తువును గుర్తించడంలో మీ సహాయం కోరుతున్నాను. మా జేజమ్మ దానిలో విభూతి పోసి ఉంచేది. మా మేనత్త మాత్రం అది గంధపు గిన్నె అనీ, పెళ్లిళ్లలో పన్నీరు బుడ్డి పక్కన దానిని పెట్టేవారనీ చెబుతుంది. ఇద్దరిలో ఎవరికీ అది ఇంటికి ఎలా వచ్చిందో తెలియదు. పాత వెండినంతా కరిగించి కొత్త పళ్లేలు చేయించాలన్న మాట ఇంట్లో వచ్చినప్పుడు, ఈ ఒక్క వస్తువును నేను పక్కకు తీసి పెట్టాను. ఏమిటో తెలియకుండా దానిని మూసలో వేయడానికి నాకు మనసు ఒప్పలేదు.

ఇది గుండ్రంగా, లోతు తక్కువగా ఉండే గిన్నె. అంచు నుంచి అంచుకు ఎనిమిది సెంటీమీటర్ల పైచిలుకు, లోతు మూడు సెంటీమీటర్ల లోపు, బరువు వంటింటి కాటాలో 92 గ్రాములు. దీనికి ముక్కు లేదు, మూత లేదు, మూత కూర్చోవడానికి అంచున గాడి కూడా లేదు. ఒక పక్కన చూపుడువేలు దూరేంత వలయం ఉంది. ఆ వలయం తోకను చుట్టుకున్న పాము ఆకారంలో ఉండి, దాని పైభాగాన బొటనవేలు ఆనించడానికి వీలుగా చదునైన చిన్న రేకు అతికించి ఉంది. గిన్నె గోడ రెండు సగాలుగా రెండు రకాల పనితనంతో ఉండడమే నాకు అన్నిటికంటే వింతగా తోచింది. ఒక సగంలో గోళీల వరుసలా గుండ్రని గుంటలు, రెండో సగంలో ఏటవాలుగా సాగిన చాళ్లు ఉన్నాయి. మన పనివారు ఏ గిన్నె చేసినా చుట్టూ ఒకే నగిషీ తిప్పుతారు గదా!

అడుగున సరిగ్గా మధ్యలో ఒక వెండి నాణెం పొదిగి ఉంది. విక్టోరియా రాణి రూపాయిని పక్కన పెట్టి చూస్తే దానికంటే కొంచెం చిన్నది. గిన్నెలోకి తొంగి చూస్తే జుట్టుకు పట్టీ కట్టుకున్న ఒక యువకుడి ముఖం పక్కవాటుగా కనిపిస్తుంది. గిన్నెను బోర్లిస్తే కిరీటం కింద అండాకారపు డాలు, దానిలో మూడు పువ్వులు, ఇరుపక్కలా ఆకుల కొమ్మలు కనిపిస్తాయి. ముఖం చుట్టూ ఉన్న ఇంగ్లీషు అక్షరాలను ‘ఎల్-యు-డి, ఎక్స్-వి’ అని మొదలుపెట్టి ‘ఆర్-ఇ-ఎక్స్’ వరకు చదవగలిగాను. వెనుకవైపు సంవత్సరంలో 174 వరకు స్పష్టంగా ఉండి చివరి అంకె అరిగిపోయింది. కింది భాగంలో ‘ఎ’ అనే అక్షరం ఒకటి విడిగా ఉంది.

మా ముత్తాతకు బకింగ్‌హాం కాలువ మీద ఉప్పు పడవలు ఉండేవని, మద్రాసు దాకా సరుకు పంపేవాడని ఇంట్లో చెప్పుకుంటారు. ఈ వస్తువుకూ ఆ వ్యాపారానికీ సంబంధం ఉందో లేదో చెప్పే కాగితం ఒక్కటీ మా దగ్గర లేదు. ఇది ఏ దేశపు వస్తువు, ఎంత పాతది, దేనికి వాడేవారు అనే మూడు సంగతులు తెలిస్తే చాలు. అమ్మే ఉద్దేశం లేదు కనుక ధర చెప్పవలసిన పని లేదు.

జవాబు: ఒంగోలు నుంచి, పాత నాణేలు సేకరించే ఒకరు

అయ్యా, మీరు నాణేన్ని వర్ణించిన తీరు చాలా పనికివచ్చింది, ఎందుకంటే గుర్తించడానికి అవసరమైన వివరాలన్నీ అందులోనే ఉన్నాయి. అది ఫ్రాన్సు రాజు పదిహేనవ లూయీ పేరిట వేసిన వెండి నాణెం. ‘లుడ్. ఎక్స్‌వి’ అనేది లాటిను భాషలో ఆయన పేరుకూ వరుస సంఖ్యకూ పొట్టిరూపం. దాని తరువాత వచ్చే అక్షరాలు భగవంతుని దయవల్ల ఫ్రాన్సుకూ నవార్ అనే రాజ్యానికీ రాజు అని చెబుతాయి. ఆయన 1715లో అయిదేళ్ల వయసులో గద్దెనెక్కి 1774లో మరణించేవరకు రాజుగా ఉన్నాడు కాబట్టి ఆయన నాణేల మీద ముఖం చాలాసార్లు మారింది. జుట్టుకు పట్టీ కట్టిన ముఖం 1740లో మొదలైంది. డాలుకు ఇరుపక్కలా ఆలివు కొమ్మలు ఉండడం కూడా ఆ రకానికి సరిపోయే గుర్తు. డాలులోని మూడు పువ్వులు ఫ్రెంచి రాజవంశపు లిల్లీపూలు. ‘ఎ’ అక్షరం పారిస్ టంకశాలను సూచిస్తుంది. ఫ్రాన్సులో ఒక్కొక్క టంకశాలకు ఒక్కొక్క అక్షరం ఉండేది.

ఆ కాలంలో వారి పెద్ద వెండి నాణేన్ని ఎక్యూ అనేవారు. అది ఆరు లీవ్రుల (లీవ్రు అంటే అప్పటి ఫ్రెంచి డబ్బు లెక్క) విలువ, ఇంచుమించు ఇరవై తొమ్మిదిన్నర గ్రాముల బరువు, నలభై మిల్లీమీటర్లకు పైబడిన వెడల్పు కలిగినది. దానిలో సగం, అయిదో వంతు, పదో వంతు విలువగల చిన్న నాణేలు కూడా వేసేవారు. విక్టోరియా రూపాయి వెడల్పు ముప్ఫై మిల్లీమీటర్ల పైమాట. మీ నాణెం దానికంటే కొంచెమే చిన్నది కనుక అది అయిదో వంతు ఎక్యూ, అంటే ఇరవై నాలుగు సోల్ల (సోల్ అంటే లీవ్రులో ఇరవయ్యో వంతు) నాణెం అయి ఉండాలి. దాని బరువు ఆరు గ్రాములకు కొద్దిగా తక్కువ. మొత్తం 92 గ్రాములలో నాణెం వాటా ఎంతో దీనితో మీకు తెలుస్తుంది.

నాణెం రెండు ముఖాలూ రెండు వైపుల నుంచి కనిపిస్తున్నాయని రాశారు. అది ముఖ్యమైన విషయం. యాత్రికుల కోసం తరువాతి కాలంలో చేసిన కొన్ని వస్తువులలో నాణెం ఉండదు, నాణెం అచ్చును రేకు మీద ఒత్తుతారు. అప్పుడు లోపల ఉబ్బెత్తుగా కనిపించిన ముఖమే వెనుకవైపు గుంటగా, తిరగబడి కనిపిస్తుంది. మీ గిన్నెలో ముందు రాజు ముఖం, వెనుక డాలు ఉన్నాయంటే అడుగున రంధ్రం చేసి నిజమైన నాణేన్ని అందులో కూర్చి అతికించారన్నమాట.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయడం నా బాధ్యత. 174లతో మొదలయ్యే సంవత్సరం చూడగానే మనవారి ఊహ పుదుచ్చేరికి పరుగెత్తుతుంది. డూప్లే అక్కడ ఫ్రెంచి గవర్నరుగా వచ్చినది 1742లో, ఫ్రెంచివారు మద్రాసును పట్టుకున్నది 1746లో. అందుచేత ఈ గిన్నె డూప్లే సైనికాధికారి ఎవరిదో అయి ఉంటుందని మీకు ఎవరైనా చెప్పవచ్చు. దయచేసి ఆ మాటను అంగీకరించకండి. నాణెం మీది సంవత్సరం ఆ నాణెం పుట్టిన ఏడు మాత్రమే. గిన్నె అంతకుముందుది కాజాలదని అది చెబుతుంది. అంతకు ఎంత తరువాతిదో చెప్పదు. 1795లో ఫ్రాన్సులో ఫ్రాంకు వచ్చిన తరువాత కూడా పాత రాజుల వెండి నాణేలు చాలాకాలం చేతులు మారాయి, 1830లలో గానీ వాటి చెలామణి ముగియలేదు. ఆ తరువాత కూడా ఇళ్లలో దాచుకున్నవి దాచుకున్నట్టే ఉన్నాయి. వందేళ్ల తరువాత ఒక వెండిపనివాడు అటువంటి నాణేన్ని తీసి గిన్నెలో పొదగడానికి అడ్డేమీ లేదు.

జవాబు: కందుకూరు నుంచి ఒక గృహిణి

నాణేల సంగతి నాకు తెలియదు గానీ, మన ఇళ్లలో వాడే వెండి గిన్నెలను చిన్నప్పటి నుంచి చూసినదానిగా కొన్ని మాటలు చెప్పదలిచాను. ఇది ఉగ్గుగిన్నె కాదు. ఉగ్గుగిన్నెకు పాలు సన్నని ధారగా పసిబిడ్డ నోట్లో పడేందుకు ముక్కు తప్పకుండా ఉంటుంది. పైగా బిడ్డ పెదవులకు తగిలే వస్తువు కనుక గోడలను నున్నగా ఉంచుతారే తప్ప గుంటలూ చాళ్లూ పెట్టరు. దీపపు ప్రమిద కూడా కాదు, ఎందుకంటే వత్తి ఆనడానికి అంచున నొక్కు లేదు. ఏకహారతి అనుకుందామంటే పట్టుకునే కాడ పొడవుగా ఉండాలి. ఒక వేలు మాత్రమే దూరే వలయం పట్టుకుని కర్పూరం వెలిగిస్తే చెయ్యి కాలుతుంది.

గంధపు గిన్నె అన్న మీ మేనత్తగారి మాటను మాత్రం నేను అంత తేలికగా తోసిపుచ్చను. మా పుట్టింట్లో కుంకుమ భరిణె మూత మీద ఎడ్వర్డు రాజు బొమ్మగల రూపాయిని పొదిగించారు, మా అమ్మమ్మ వడ్డాణానికి విక్టోరియా అర్ధరూపాయలు వరుసగా అతికించి ఉండేవి. నాణేన్ని వస్తువులో కూర్చడం మన ప్రాంతంలో ఎప్పటి నుంచో ఉన్న అలవాటే. మీ ముత్తాతగారి చేతికి ఒక ఫ్రెంచి నాణెం వస్తే, దానిని మన కంసాలి చేతనే గిన్నెలో పెట్టించి ఉండకూడదా? పాము ఆకారపు పిడి కూడా మన పనివారికి కొత్త కాదు. ఈ ప్రశ్న తేలనిదే అది విదేశీ వస్తువని నిశ్చయించవద్దని నా మనవి.

జవాబు: నెల్లూరు, చిన్నబజారు ప్రాంతం, వెండిపని చేసే కుటుంబం

కందుకూరు అమ్మగారి ప్రశ్న సరైన ప్రశ్న, దానికి సమాధానం లోహంలోనే దొరుకుతుంది. నాణెం అతికించిన గిన్నెలు మా ఇంట్లో మా తాతగారి కాలం నుంచీ చేస్తున్నాము. పూర్వం వెండి కడ్డీలు అందరికీ అందుబాటులో ఉండేవి కావు కనుక, గిరాకీదారులు రూపాయలే తెచ్చి ఇచ్చి, వాటిని కరిగించి వస్తువు చేయమనేవారు. విక్టోరియా కాలపు రూపాయిలో వెయ్యికి 917 వంతుల వెండి, మిగిలినది రాగి. అందుచేత రూపాయలు కరిగించి చేసిన పాత వస్తువును పరీక్షిస్తే వెండి పాలు సుమారు 91 నూటికి వస్తుంది, లేదా పనివాడు ఇంకా కలిపి ఉంటే అంతకంటే తగ్గుతుంది. ఒంగోలువారు చెప్పిన ఫ్రెంచి నాణేలలో కూడా వెండి పాలు ఇంచుమించు ఇదేనని నేను విన్నాను. వారు దానిని ధ్రువపరచాలి.

ఇప్పుడు మీరు చేయవలసిన పని ఇది. హాల్‌మార్కు వేసే కేంద్రాలలో ఎక్స్‌ఆర్‌ఎఫ్ యంత్రం ఉంటుంది. అది వస్తువును గీయకుండా, కరిగించకుండా లోహపు పాళ్లు చెబుతుంది. గీటురాయి మీద రుద్దడానికి ఎవరినీ అనుమతించకండి, ఎందుకంటే గీటు పడినచోట శాశ్వతంగా మచ్చ మిగులుతుంది, ఇంత పలుచని వస్తువులో అది పెద్ద నష్టం. యంత్రం కింద గిన్నె గోడను ఒకసారి, నాణేన్ని ఒకసారి విడివిడిగా పెట్టించండి. గోడలో 91 దగ్గర వస్తే, అమ్మగారు చెప్పినట్టు మన దేశంలోనే రూపాయలు కరిగించి చేసినదన్న వాదనకు బలం వస్తుంది. 95 దగ్గర వస్తే మాత్రం అది మన పాత పనివారి వెండి కాదని నేను గట్టిగా చెప్పగలను, ఎందుకంటే ఆ పాలుతో వస్తువులు చేసే పద్ధతి మా పెద్దల కాలంలో లేదు. ఒక జాగ్రత్త ఉంది: ఆ యంత్రం లోహపు పైపొరను మాత్రమే చూస్తుంది. వస్తువును పదేపదే కాచి ఆమ్లంలో ముంచి తెల్లబరిస్తే పైపొరలో రాగి తగ్గి, వెండి పాలు ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. కాబట్టి బాగా అరిగినచోట, ఉదాహరణకు అడుగున నేలకు రాసుకునే అంచు మీద, పెట్టి చూడమనండి.

వలయం గోడను కలిసేచోట టంకం రంగు ఎలా ఉందో కూడా చూడండి. కొద్దిగా పసుపు రంగు తిరిగి, అంచులు దిట్టంగా ఉంటే అది తరువాత ఎవరో చేసిన మరమ్మతు. అసలు పనిలోని అతుకు మంచి పనివాడిదైతే కంటికి దాదాపు కనిపించదు. పామును వేరే చేతులు తరువాత అతికించాయా, మొదటి నుంచీ ఉన్నదా అన్నది దీనివల్ల కొంత తెలుస్తుంది.

ఇక శుభ్రం చేసే సంగతి. చింతపండు, నిమ్మకాయ, విభూతి, పళ్లపొడి వేటితోనూ దానిని తోమకండి. విభూతిలోని గరుకు రేణువులు ఇన్నాళ్లూ నెమ్మదిగా చేసిన పనే ఆ నాణెం మీది చివరి అంకె అరుగుదల కావచ్చు. గోరువెచ్చని నీరు, తేలికపాటి సబ్బు, మెత్తని నూలుగుడ్డ చాలు. చాళ్లలో నిలిచిన నలుపును తీయవద్దు, దానివల్లనే పనితనం స్పష్టంగా కనిపిస్తుంది.

జవాబు: పుదుచ్చేరిలో చాలాకాలం ఉద్యోగం చేసి కావలిలో స్థిరపడిన ఒకరు

మీరు రాసిన వర్ణనలో ఒక్క వాక్యమే నాకు ఈ వస్తువేమిటో చెప్పింది: గోడ ఒక సగంలో గుండ్రని గుంటలు, రెండో సగంలో ఏటవాలు చాళ్లు. ఇది ఫ్రాన్సులో బుర్గోన్ అనే ద్రాక్షతోటల సీమలో పుట్టిన తాస్త్‌వాఁ. ద్రాక్షసారాయిని రుచి చూసి నాణ్యం నిర్ణయించే గిన్నె అది. ఆ సీమ పద్ధతిలో చేసిన గిన్నెలకు ఈ రెండు సగాల పనితనం ఒక ముద్రవంటిది. ఎనిమిది సెంటీమీటర్ల వెడల్పు, తక్కువ లోతు, పాము చుట్టిన వేలి వలయం, బొటనవేలు ఆనే రేకు, అడుగున పొదిగిన రాజుల నాటి నాణెం, ఇవన్నీ కలిసి ఒకే వస్తువులో ఉన్నప్పుడు మరొక గుర్తింపుకు చోటు లేదని నా అభిప్రాయం. బోర్డో అనే మరో ఫ్రెంచి ద్రాక్షసీమ గిన్నెలు వేరుగా ఉంటాయి. వాటికి పిడి లేకుండా మధ్యలో బొడిపెలా ఉబ్బు ఉంటుంది.

గుంటలూ చాళ్లూ అలంకారానికి పెట్టినవి కావు. ద్రాక్షసారాయి పీపాలను భూమిలోపలి చల్లని నేలమాళిగలలో నిలవచేసేవారు, అక్కడ వెలుతురు అంటే కొవ్వొత్తి ఒక్కటే. గాజు గ్లాసు ఆ ఇరుకులో పగిలేది, పైగా లోతైన గ్లాసులో ఎర్రని ద్రవం ఆ మసక వెలుగులో నల్లగా తప్ప కనిపించదు. లోతు లేని వెండి గిన్నెలో పలుచని పొరగా పోస్తే, గోడమీది ఎత్తుపల్లాలు కొవ్వొత్తి వెలుగును అనేక దిక్కులకు విరజిమ్ముతాయి. అప్పుడు ద్రవం తేటగా ఉందో మడ్డి కలిసిందో, రంగు ఎంత చిక్కగా ఉందో ఒక్క చూపులో తెలుస్తుంది. గుంటలున్న సగం ఎర్ర సారాయికి, చాళ్లున్న సగం తెల్లదానికి అని చెప్పుకుంటారు. వ్యాపారి, పీపాల యజమాని, మధ్యవర్తి ఎవరి గిన్నె వారు జేబులో పెట్టుకునో, మెడలో పట్టీకి వేలాడదీసుకునో తిరిగేవారు. బుర్గోన్‌లో ఈ గిన్నె పేరు పెట్టుకుని 1934లో స్థాపించిన ఒక సంఘం ఇప్పటికీ ఉంది, దాని సభ్యులు ఉత్సవాలలో దీనిని మెడలో ధరిస్తారు.

నాణెం అడుగున ఎందుకు అంటే, అది అప్పటివారికి ఇష్టమైన అలంకారం. అడుగు మందంగా తయారై గిన్నె కుదురుగా కూర్చుంటుంది కూడా. అంతకుమించి దానికి రహస్యమేదీ ఉన్నట్టు నాకు తోచదు.

కాలం నిర్ణయించడానికి ముద్రలు వెతకండి. ఫ్రాన్సులో వెండి మీద ప్రభుత్వ ముద్ర వేసే పద్ధతి కచ్చితంగా ఉండేది. 1838 మే నెల నుంచి, పెద్ద వస్తువులకు శిరస్త్రాణం పెట్టుకున్న మినర్వా దేవత తల గుర్తు వచ్చింది. దాని పక్కన 1 అంకె ఉంటే వెయ్యికి 950, 2 అంకె ఉంటే 800 వంతుల వెండి. చిన్న వస్తువులకు పారిస్‌లో అడవిపంది తల, ఇతర ఊళ్లలో పీత గుర్తు వేసేవారు. 1838కి ముందు, 1819 నుంచి, ముసలివాని తల ఉండేది. పనివాడి సొంత ముద్ర 1797 చట్టం తరువాత నాలుగు పలకల వజ్రపు ఆకారంలో ఉంటుంది, దానిలో ఆయన పేరు మొదటి అక్షరాలూ ఏదో ఒక చిన్న బొమ్మా ఉంటాయి. హంస బొమ్మ ఉంటే అది ఎక్కడిదో తెలియని లేదా బయటి దేశం నుంచి వచ్చిన వెండికి 1893 నుంచి వేసిన గుర్తు. ఇవన్నీ ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించవు కనుక మామూలు కంటికి గీతల్లా కనిపిస్తాయి. అంచు బయటివైపు, వలయం పక్కన, బొటనవేలి రేకు మీద భూతద్దంతో చూడండి.

పూజామందిరంలో వాడిన గిన్నె ద్రాక్షసారాయిదని తెలిసి మీ ఇంట్లో పెద్దవారికి నొప్పి కలగవచ్చు. ఆ మాట వారికి చెప్పేటప్పుడు, వెండిని నీటితో శుద్ధి చేసి ఏ పనికైనా వాడుకోవడం మన ఆచారమేనని కూడా చెప్పండి. అది ఎవరి చేతిలో ఎలా పుట్టినా, మీ ఇంట్లో అది విభూతికీ గంధానికీ సేవ చేసింది. ఆ చరిత్ర కూడా ఆ వస్తువుదే.

ప్రశ్న అడిగినవారు

అందరికీ నా హృదయపూర్వక కృతజ్ఞతలు. కావలి పెద్దవారు చెప్పినట్టు గడియారాలు బాగుచేసే మిత్రుని దగ్గర కంటికి పెట్టుకునే అద్దం తీసుకుని చూశాను. అంచు బయట, వలయానికి కుడిపక్కన, ఎనిమిది పలకల చట్రంలో శిరస్త్రాణం పెట్టుకున్న స్త్రీ తల స్పష్టంగా ఉంది. నుదుటి దగ్గర 1 అంకె ఉన్నట్టే కనిపిస్తున్నది. దానికి కొంచెం ఎడంగా వజ్రపు ఆకారంలో మరొక ముద్ర ఉంది గానీ అందులోని రెండు అక్షరాలలో ఒకటి పూర్తిగా అరిగిపోయింది. బొటనవేలి రేకు మీద కూడా ఆ స్త్రీ తలే, ఇంకా చిన్నదిగా ఉంది.

నెల్లూరులో హాల్‌మార్కు కేంద్రంలో పరీక్ష కూడా చేయించాను. అరిగిన అడుగు అంచు మీద 94 చిల్లర, నాణెం మీద 91 చిల్లర చూపించింది. వలయం కింది అతుకు దగ్గర మాత్రం వెండి పాలు బాగా తక్కువగా వచ్చింది, అక్కడ టంకం కూడా పసుపుగానే ఉంది. మా ముత్తాత పడవలు నడిపిన రోజులలో మద్రాసులోనో ఇంకెక్కడో అది దొరికి ఉంటుందన్న ఆలోచన నాకు బలపడుతున్నది. దీనిమీద పెద్దల అభిప్రాయం ఏమిటి?

జవాబు: ఒంగోలు నుంచి

నెల్లూరువారి సందేహానికి ముందు సమాధానం చెబుతాను: పదిహేనవ లూయీ ఎక్యూలలో వెండి పాలు వెయ్యికి 917. మీ నాణేనికి వచ్చిన 91 చిల్లర దానికి సరిపోయింది, గిన్నెకు వచ్చిన 94 చిల్లర మినర్వా మొదటి తరగతి ముద్రకు దగ్గరగా ఉంది. అంటే నాణెం వేరు, గిన్నె వేరు, రెండూ ఫ్రాన్సువే, వాటి మధ్య ఎనభై ఎనిమిదేళ్లకు తక్కువ కాని ఎడం ఉంది. 1740లలో పారిస్‌లో పుట్టిన నాణేన్ని 1838 తరువాత ఎప్పుడో ఒక పనివాడు ఆ గిన్నెలో కూర్చాడు. డూప్లే కథ దీనితో ముగిసింది. కావలివారు గుర్తించినదే సరైనది.

కాలువ విషయంలో మీ ఆలోచన అసంభవం కాదు. ఆ కాలువను మద్రాసు నుంచి ఇటు మన పెదగంజాం దాకా, అటు దక్షిణాన మరక్కాణం దాకా తవ్వారు. 1877, 78 కరువు రోజులలో పనులు ముమ్మరంగా సాగిన తరువాత అప్పటి గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరు దానికి పెట్టారు. మరక్కాణం నుంచి పుదుచ్చేరి ఒక పూట ప్రయాణం. 1954 నవంబరు దాకా పుదుచ్చేరి ఫ్రెంచివారి పాలనలోనే ఉంది; అక్కడి ఫ్రెంచి కుటుంబాలు తమ ఇంటి వెండిని వెంట తెచ్చుకుని ఉంటాయన్నది సహజమైన ఊహ. ఉప్పు పడవలవారికి ఆ దారి తెరిచే ఉంది. అయినా దారి ఉండడం వేరు, ఆ దారినే వచ్చిందని నిరూపించడం వేరు. మీ ముత్తాతగారి లెక్కపుస్తకాలు, మద్రాసు రసీదులు ఏవైనా మీ దాయాదుల ఇళ్లలో ఉన్నాయేమో అడిగి చూడండి.

వలయం దగ్గర తక్కువ వెండితో చేసిన అతుకు ఎక్కడ జరిగిందో నెల్లూరువారు చూసి చెప్పగలరు. అది మన ప్రాంతపు పనివాడి చేతిదైతే, గిన్నె మన జిల్లాలో ఎంతకాలం నుంచి ఉందో తెలుసుకోవడానికి అదొక్కటే భౌతికమైన ఆధారం అవుతుంది.

మరొక ముఖ్యమైన మాట. నూరేళ్లు దాటిన కళావస్తువులకూ నాణేలకూ 1972 నాటి పురావస్తువుల చట్టం వర్తిస్తుంది. ఇంట్లో ఉంచుకోవడానికి మీకు అభ్యంతరం ఉండదు గానీ, దానిని దేశం దాటించడానికి వీలులేదు. ఈ రాతలు చూసి విదేశాల నుంచి ఎవరైనా కొంటామని, తపాలాలో పంపమని అడిగితే ఒప్పుకోకండి.

జవాబు: నెల్లూరు, చిన్నబజారు ప్రాంతం

వలయాన్ని దగ్గరగా తీసిన ఛాయాచిత్రం పంపితే చూస్తాను. వీలైతే గిన్నెనే తీసుకురండి, డబ్బు తీసుకోను. ఇత్తడి పాలు ఎక్కువగా కలిపిన పసుపు టంకాన్ని మా పెద్దలు వాడేవారు, దానిని ఆకు ఆకారంలో కత్తిరించి అతుకు మీద పరిచే పద్ధతి ఒకటి మా ఇంట్లో ఇంకా ఉంది. అటువంటి అంచు కనిపిస్తే అది ఇక్కడి పనే. అప్పటిదాకా ఆ అతుకును ఎవరిచేతా కరిగించి తిరిగి వేయించకండి.